కార్డు మీద పేరున్నవాళ్లు

ఆషాఢంలో పెళ్లికార్డు కొట్టించేవాడు పిచ్చివాడైనా అయ్యుండాలి, మా తమ్ముడైనా అయ్యుండాలి. ఆ ఏడు ఆషాఢం వెనకాలే అధికమాసం కూడా వచ్చిపడింది. రెండు నెలలపాటు ముహూర్తం అన్న మాటే లేదు. చత్తా బజార్‌లో మా తమ్ముడు ప్రేమ్‌రాజ్ కంపోజింగ్ చేసే పెళ్లికార్డుల దుకాణంలో అచ్చు మిషన్ గుడ్డ కప్పుకొని పడుకుంది. ఖాళీగానే ఉంది కదా అని ఓనరును బతిమాలి, వాడు దాని మీద ఏడెనిమిది జంటల పెళ్లికార్డులు వేయించాడు. అందులో ఒకటి వాడిదే.

పెళ్లికొడుకు చిరంజీవి ప్రేమ్‌రాజ్. రెండో పెళ్లికొడుకు చిరంజీవి డానియేలు. ముహూర్తం ఉండాల్సిన చోట ‘కోర్టు తీర్పు వచ్చే శుభదినం’ అని ఉంది. కింద, మీ రాకను కోరువారు: కీ.శే. కళావతి, గుండయ్య, మొఘల్‌పురా. శ్రీమతి ఎస్తేరమ్మ, సైదాబాద్. మొదటి ఇద్దరూ పోయిన మా అమ్మ, మా బాపు; మూడో ఆమె డానియేలు వాళ్ల అమ్మ.

ప్రేమ్‌రాజ్ గే అన్న సంగతి వాడు ఇంటర్ చదివే రోజుల నుంచీ నాకు తెలుసు. అక్కను కదా, వాడు చెప్పకముందే తెలిసింది. చెప్పినప్పుడు కొత్తగా విన్నట్టు కాసేపు నటించాను, వాడి ముచ్చట ఎందుకు కాదనాలి అని. డానియేలు సంగతి ఆ తర్వాత తెలిసింది. సైదాబాద్ పిల్లాడు, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడు. ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి వచ్చి అన్నం తిని పోయేవాడు. బాపుకు ఛాతీలో నెమ్ము చేసినప్పుడు దగ్గరుండి ఎక్స్‌రే తీయించి, మందులు తెచ్చి, వేళకు మింగించిందీ వాడే. మీ ఇద్దరికన్నా గా పిల్లగాడు నయం అని బాపు మా మొహం మీదే అనేవాడు. స్నేహితుడని అనుకున్నాడు పాపం.

ఆ ఎండాకాలం ఢిల్లీలో పెద్ద కోర్టు ఇద్దరు మగవాళ్లు గానీ, ఇద్దరు ఆడవాళ్లు గానీ పెళ్లి చేసుకునే హక్కు మీద వాదనలు విన్నది. తీర్పు తర్వాత చెప్తామంది. మలక్‌పేటలో ఒక మేడ మీద రెండు గదుల్లో మావాళ్ల సంఘం ఉండేది. పేరు హమ్‌రాహీ, అంటే తోడు నడిచేవాళ్లు. దాన్ని పెట్టింది పురుషోత్తం సార్. ఇంగ్లీషు లెక్చరరు, మాలాగా పాతబస్తీ కాదు, కొత్త సిటీ మనిషి, యాభై దాటినవాడు. ఉన్నమాట చెప్పుకోవాలి. ఎవరినైనా పోలీసులు పట్టుకుంటే స్టేషన్ మెట్లెక్కింది ఆయనే. ఇంట్లోంచి గెంటేసిన పిల్లలకు చాప పరిచింది ఆయనే. నేనూ ఆయనకు చేతులెత్తి దండం పెట్టినదాన్నే.

కార్డుల ఆలోచన ఆయనదే. అచ్చం పెళ్లికార్డుల్లాగానే వేయించి ఎమ్మెల్యేలకు, ఎంపీలకు, పేపర్లవాళ్లకు పంపుదామన్నాడు. మన పేర్లు పెళ్లికార్డు మీద చూస్తే మనమూ ఎవరో ఒకరి ఇంటి పిల్లలమే అని వాళ్లకు తెలుస్తుందన్నాడు. పెద్దల పేర్లు కూడా ఉండాలన్నాడు. ఆ మాటకు మా ప్రేమ్‌రాజ్ వంత పాడాడు. ఏళ్ల తరబడి కార్డులు కంపోజ్ చేసినవాడు కదా. పెద్దల పేర్లు లేని కార్డు వాడి కంటికి కార్డులాగా కనబడదు, దుకాణం ఓపెనింగ్ పిలుపులాగా ఉంటుందన్నాడు. ఆ రోజు నేను టిఫిన్ డబ్బా పట్టుకుపోయి అక్కడే ఉన్నాను. పేర్లు వద్దన్నది ఇద్దరే. ఒకరు నుజహత్, మా వాడకట్టులోనే ఆడపిల్లలకు ట్యూషన్లు చెప్పే అమ్మాయి. రెండోవాడు డానియేలు.

సార్ డానియేలు భుజం మీద చెయ్యి వేశాడు. “తీర్పు మనదే డానియేలూ. నాది గ్యారంటీ. ఢిల్లీ వెళ్లి అందరితో మాట్లాడి వచ్చాను. రేపు మీ అమ్మే వచ్చి అక్షింతలు వేస్తుంది చూడు.”

చర్చికి పోయే ఎస్తేరమ్మ అక్షింతలు ఎందుకు వేస్తుందని ఎవరికీ తట్టలేదు. అందరం నవ్వాం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ సాయంత్రం పెళ్లి భోజనంలో బిర్యానీయా పులిహోరా అని కూడా కొట్లాడుకున్నారు. అంత సంతోషంగా నా తమ్ముణ్ణి నేను ఆ తర్వాత చూడలేదు.

కార్డులు ఎవరి ఇళ్లకూ చేరవు అన్నారు. చేరలేదు కూడా. కానీ సంఘం వాళ్లే వాటిని ఫోటోలు తీసి ఫోన్లలో పెట్టారు. ఫోన్లలో పెట్టినదానికి గడపేది, గోడేది?

లాల్ దర్వాజా బోనాల ఆదివారం మా ఇంటి నిండా చుట్టాలు. మటన్ పొయ్యి మీద ఉడుకుతోంది. మా చిన్నాయన దుర్గయ్య ఫోన్ చూస్తూ చూస్తూ ఆగిపోయాడు. దాన్ని బాపు చేతిలో పెట్టాడు. బాపు కళ్లజోడు తెచ్చుకున్నాడు. పెళ్లికార్డు ఏది వచ్చినా పై నుంచి కింద దాకా ప్రతి పేరూ చదివే అలవాటు ఆయనకు. ఎవరి పేరు విడిచారు, ఎవరిని ముందు వేశారు అని చూస్తాడు. ఇదీ అట్లాగే చదివాడు. అమ్మ పేరు దగ్గర ఆగాడు.

“మీ అమ్మ పేరు ఎవర్ని అడిగి ఏసినవ్?” అన్నాడు.

“కార్డుకు పెద్దల పేర్లు ఉండాలె గద బాపు,” అన్నాడు ప్రేమ్‌రాజ్. అబద్ధం ఆడాలని వాడికి తోచనే లేదు.

“ఉండాలె. పెద్దలను అడగాలె గూడ.”

అంతే. బాపు లేచి పోయి గడప దగ్గర కుర్చీ వేసుకున్నాడు. మాట్లాడే పని చుట్టాలు తీసుకున్నారు. ఆషాఢంలో కార్డేమిటని ఒకరు, పెళ్లి కాని అక్కను ఇంట్లో పెట్టుకొని తమ్ముడికి ముహూర్తమేమిటని ఇంకొకరు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పొద్దు గూకకముందే ప్రేమ్‌రాజ్ రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకొని మలక్‌పేట పోయాడు. బాపు గడప దగ్గర కుర్చీలో కూర్చునే ఉన్నాడు. పోవద్దు అనలేదు, పో అనలేదు. నేను ఆయన మీద చాలా కోపంగా ఉన్నాను.

ఆ వానాకాలమంతా నేను లాడ్ బజార్‌లో గాజుల దుకాణం కౌంటర్ మీద ఉంటూనే సంఘం కబుర్లన్నీ వింటూ వచ్చాను. డానియేలును ఆసుపత్రివాళ్లు కొన్నాళ్లు రావద్దన్నారు. ఆ కొన్నాళ్లు ఇంకా అయిపోలేదు. ఇంకో కార్డు మీద తన పేరూ ఉండడంతో నుజహత్ దగ్గరికి ట్యూషన్ పిల్లలు రావడం మానేశారు. కార్డులో ఉన్న ఇంకో ఇద్దరు అద్దె ఇల్లు ఖాళీ చేశారు. సార్‌ను అడిగితే, కాస్త ఓపిక పట్టండి, తీర్పు వస్తే ఇవన్నీ మబ్బు విడిచినట్టు విడిపోతాయి అనేవాడు. మేమూ ఓపిక పట్టాం. నమ్మినవాళ్లకు ఓపిక పట్టడం కష్టమేమీ కాదు.

తీర్పు బతుకమ్మ రోజుల్లో వచ్చింది. నేను దుకాణానికి సెలవు పెట్టి మలక్‌పేట పోయాను. గదిలో అందరూ ఒకే ఫోన్ మీద వంగి ఉన్నారు. జడ్జీలు ఇంగ్లీషులో చదువుతున్నారు. మధ్యమధ్యలో మంచి మాటలే వినిపించాయి, మనుషులను మనుషుల్లాగా చూడాలని. మాలో కొందరు చప్పట్లు కూడా కొట్టారు. అందరికన్నా ముందు నుజహత్‌కు అర్థమైంది. ఫోన్ మీంచి తల ఎత్తి, “లేదంట,” అంది. పెళ్లి హక్కు ఇవ్వడం తమ పని కాదు, పార్లమెంటు చూసుకోవాలి అన్నారట.

కాసేపటికి అదే ఫోన్‌లో, టీవీ వార్తల్లో పురుషోత్తం సార్ కనబడ్డాడు. ఢిల్లీలో, కోర్టు బయట. ఇది ఓటమి కాదు, పోరాటం ఇప్పుడే మొదలైంది అన్నాడు. మా గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయనకు ఫోన్ చేస్తే బిజీ వచ్చింది. ఆ రోజంతా అట్లాగే వచ్చింది, మర్నాడూ వచ్చింది.

సాయంత్రం డానియేలు వచ్చాడు. చాలా చిక్కిపోయాడు. లోపలికి రాలేదు, మెట్ల మీదే నిలబడ్డాడు. ప్రేమ్‌రాజ్, నేను బయటికి పోయాం.

“మా అమ్మకు మాటిచ్చిన ప్రేమ్,” అన్నాడు. “తీర్పు మనకొస్తే నన్ను నీతోని పోనీయాలె. రాకపోతే ఆమె జెప్పినట్టు వింట అని. సార్ గ్యారంటీ అన్నడు గద. గందుకే ఇచ్చిన.”

ప్రేమ్‌రాజ్ వాడి మొహం చూస్తూ నిలబడ్డాడు. “తిన్నవా?” అని అడిగాడు. డానియేలు తల ఊపి మెట్లు దిగిపోయాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా డానియేలు ఫోన్ మోగలేదు.

తమ్ముణ్ణి నేను మా ఇంటికి తీసుకొచ్చాను. బాపే తలుపు తీశాడు. లోపలికి పోయి చాప పరిచి, దిండు వేసి వచ్చాడు. వాడు పడుకున్నాడు. ఆ పడుకోవడం పడుకోవడమే. పనికి పోలేదు, పెట్టినది తినలేదు, కంట నీరు పెట్టలేదు. గోడ వైపు తిరిగి ఉండేవాడు. మా ఇంటి ముందు వీధిలో ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతుంటే నేను పోయి కిటికీ మూసి వచ్చేదాన్ని. వాడికి పాటలు వినబడుతున్నాయో లేదో కూడా తెలిసేది కాదు. బాపు తన మందులు తానే మింగుతూ, మూతలు పెట్టడం మరిచిపోతూ, వాడినే చూస్తూ కూర్చునేవాడు. ఆ వారంలో మా బాపు ముసలివాడయ్యాడు.

దసరా వెళ్లాక పురుషోత్తం సార్ తిరిగొచ్చాడు. రాగానే సంఘంలో తర్వాతి కార్యక్రమం మీద మీటింగ్ అన్నాడు. తర్వాతిది కాదు సార్, జరిగినదాని మీద పెట్టండి, మేము అడగాల్సినవి ఉన్నాయి అని నుజహత్ కబురు పంపింది. నేను బయల్దేరుతుంటే బాపు చొక్కా వేసుకొని వచ్చి నిలబడ్డాడు. ఎక్కడికి బాపు అంటే, కార్డు మీద నా పేరున్నది గద అన్నాడు.

గది నిండా జనం. సార్ బాగానే మాట్లాడాడు. దేశమంతా మన గురించి చర్చ జరిగిందన్నాడు. కోర్టు ఏం చెప్తుందో ఎవరు మాత్రం చెప్పగలరన్నాడు. అప్పుడు నుజహత్ లేచింది. గొంతు పెంచలేదు.

“గ్యారంటీ అని మీరే అన్నరు సార్. పేర్లు వద్దని మేము అన్నం. నా ట్యూషన్ పిల్లలు పోయిండ్రు, డానియేలు నౌకరి పోయింది. మీకు ఏం పోయింది? అన్ని జంటల కార్డులు కొట్టిచ్చిండ్రు. మీ కార్డు ఏది? మీ అమ్మీ పేరు ఏ కార్డు మీద ఉంది?”

సార్ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. మాకు ఎవరికీ ఆ మాట అంతకుముందు తట్టలేదు. తట్టకపోవడమే వింత.

“మా అమ్మకు తెలియదు,” అన్నాడు చివరికి. “పెద్ద వయసు. చెబితే తట్టుకోలేదని భయం.”

“మా ఎస్తేరమ్మ తట్టుకుంటదనుకున్నరా సార్?” అన్నాడు బాపు వెనక వరసలోంచి. అందరూ తిరిగి చూశారు. బాపు లేచి నిలబడ్డాడు. “నా పేరు గుండయ్య. నల్లా నీళ్ల లైన్‌మ్యాన్ పని చేసి రిటైర్ అయిన. నేను చదువుకున్నోన్ని కాదు. మా దిక్కు సంబంధం కుదిర్చెటోన్ని నడుమ మనిషి అంటరు. పెండ్లి చెడితే ముందుగాల వాన్నే కూసోబెట్టి అడుగుతరు. గీ సంబంధానికి నడుమ మనిషివి నువ్వు. ముహూర్తం జెప్పింది నువ్వు. మరి ఇయ్యాల్టి దాంక మా ఇంటికి రాలే, వాళ్ల ఇంటికి పోలే. టీవీల కనబడ్డవ్.”

అక్కడితో ఆగిపోతే బాపు ఆ రోజు హీరో అయ్యేవాడు. కానీ నుజహత్ ఎవరినీ వదిలే మనిషి కాదు. ఆమె బాపు వైపు తిరిగింది. “మీరు గూడ చెప్పండి అంకుల్. వానలున్నన్ని రోజులు ప్రేమ్ ఈ నేల మీదనే పండుకున్నడు. మీరు ఒక్కపాలి వచ్చిండ్రా?”

“రాలే,” అన్నాడు బాపు. “తప్పే.”

ఆయన అంత తొందరగా ఒప్పుకుంటాడని ఎవరూ అనుకోలేదు. సార్ కళ్లు తుడుచుకున్నాడు. తనదీ తప్పేనని, సంఘం అధ్యక్ష పదవి వదిలేస్తానని అన్నాడు. వెంటనే గదిలో లొల్లి మొదలైంది, దిగాలని కొందరు, వద్దని కొందరు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. అక్కడ మాత్రం ఎవరి పిడికెడు వాళ్లు పక్కవాడి దోసిట్లో పోస్తున్నారు. బాపు అవేవీ వినలేదు. సార్ దగ్గరికి నడిచి పోయాడు.

“కుర్చీ దిగుడు మీ సంఘం లెక్క. దానితోని నాకు పని లేదు. రేపు సైదాబాద్ పోతున్న. నువ్వు వచ్చి ఆ తల్లి ముంగట కూసోవాలె. ఆమె ఏమంటే అది పడాలె.”

సార్ వచ్చాడు. రాడేమో అనుకున్నాను నేను. మరునాడు మధ్యాహ్నం సైదాబాద్ సందు మొగలో ఒంటరిగా నిలబడి ఉన్నాడు. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకొని, తెల్ల పంచె కట్టుకున్నాడు. దారిలో ఆటో ఆపించి పండ్లు కొన్నాడు. ఆపిల్స్, అరటిపండ్ల అత్తం, పైన పూలు. పరామర్శకు పోతూ పూలెందుకని అడగబోయి ఊరుకున్నాను.

ఎస్తేరమ్మ మమ్మల్ని గుమ్మంలో నిలబెట్టలేదు. కుర్చీలు వేసింది, నీళ్లు ఇచ్చింది. ప్రభుత్వ బడిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. డానియేలు లోపలి గదిలో ఉన్నాడు. తెర కింద వాడి పాదాలు కనబడ్డాయి. ఆమె పిలవలేదు, వాడు రాలేదు.

సార్ చేతులు జోడించాడు. గ్యారంటీ అనే హక్కు తనకు లేదన్నాడు. పేర్లు వేయడం తప్పన్నాడు. టీవీలో మాట్లాడేటప్పటి మాటలేవీ వాడలేదు. ఎస్తేరమ్మ చివరిదాకా విన్నది.

“నీ మాట నమ్మి నా కొడుకు నాతోని పందెం గట్టిండయ్యా. ఓడిండు. అయినా వాడు మాట మీద నిలబడ్డడు. నేను చూసిన జహీరాబాద్ పిల్లను చేసుకుంట అన్నడు. నాకు సంతోషమైతదనుకుంటున్నవా? దినాం వాని మొకం చూస్తున్న నేను. వాడు నిలబడ్డడు. నువ్వు ఏడ నిలబడ్డవ్?”

సార్ తల వంచుకొని కూర్చున్నాడు. లేవమని ఆమె అనలేదు, అందుకని లేవలేదు కూడా. అంతవరకు ఆయన మీద నాకున్న కోపం అక్కడ పల్చబడిపోయింది. దాని స్థానంలో ఏమొచ్చిందంటే చెప్పలేను. మంచివాడే. మంచివాడే మమ్మల్ని ముంచాడు.

బాపు సార్‌నూ నన్నూ బయటికి పొమ్మన్నాడు. ఎస్తేరమ్మను చూపించి, చెల్లెతోని ఒక మాట ఉన్నదన్నాడు. మేము గేటు బయట నిలబడ్డాం. తలుపు జాలీలోంచి లోపల కనబడుతోంది. బాపు లేచి నిలబడి, రెండు చేతులతో పండ్ల సంచి ఆమె ముందు పెట్టాడు. ఏదో అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపటికి అడ్డంగా తల ఊపింది. సంచి తీసి, మళ్లీ బాపు చేతికే ఇచ్చింది. ఇచ్చాక ఆ చేతులు కాసేపు వదలలేదు. తెర కింద పాదాలు వెనక్కి పోయాయి.

తిరుగు దారిలో సార్ మాతోపాటే ఆటో ఎక్కాడు. మలక్‌పేట దగ్గర దిగేటప్పుడు, మా అమ్మకు చెప్తానని సార్ మెల్లగా అన్నాడు. చెప్పాడో లేదో మాకు తెలియదు. అధ్యక్ష పదవి మాత్రం వదిలేశాడు. సంఘాన్ని ఇప్పుడు నుజహత్ చూస్తోంది. ఎవరి ఇంటివాళ్ల పేరైనా రాయాలంటే ముందు ఆ ఇంటికి పోయి కూర్చోవాలని పట్టుబడుతుంది. అందుకని పనులు మెల్లగా సాగుతాయి. కొందరికి విసుగు కూడా.

మేము ఇల్లు చేరేసరికి ప్రేమ్‌రాజ్ గోడ వైపు తిరిగే ఉన్నాడు. బాపు మోకాళ్ల నొప్పుల మనిషి, కుర్చీ తప్ప ఎరగడు. గోడ పట్టుకొని, మెల్లగా, వాడి చాప మీద కూర్చున్నాడు.

“సైదాబాద్ పోయొచ్చిన,” అన్నాడు.

వాడు కదల్లేదు.

“అడిగిన బిడ్డా. మేం ఇయ్యం అన్నరు.”

ప్రేమ్‌రాజ్ ఇటు తిరిగాడు. అన్ని రోజుల తర్వాత వాడి గొంతు వాడిది కానట్టు ఉంది. “ఏమని అడిగినవ్ బాపు?”

“మా పిల్లగానికి మీ పిల్లగాన్ని ఇయ్యమని అడిగిన. తండ్రి ఎట్ల అడుగుతడో గట్లనే అడిగిన. జర ముందుగాల పోవాల్సి ఉండె.”

వాడు బాపు ఒళ్లో తల పెట్టి ఏడ్చాడు. తీర్పు వచ్చాక వాడు ఏడవడం అదే మొదలు. బాపు వాడి వీపు నిమురుతూ కూర్చున్నాడు.